ఆరోగ్యశ్రీ మన ఇంటికి ఎట్లా వచ్చింది, ఇంకా ఏం రాలేదు



ప్రతి ఏటా మన నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలు వేసుకుంటాం. ఆ అప్పు దేనికి తీసుకున్నారని అడిగితే మినిట్స్ పుస్తకంలో తరచుగా కనపడే మాట "ఆరోగ్యం". గేదె కోసం తీసుకున్న అప్పు పాల డబ్బు తెస్తది. మిర్చి పెట్టుబడికి తీసుకున్న అప్పు పంట పండితే తిరిగొస్తది. జబ్బు కోసం చేసిన అప్పు మాత్రం తిరిగి ఏమీ తేదు. పైగా జబ్బు పడ్డ మనిషికి కూలి కూడా పోద్ది.

ఇంట్లో ఆరోగ్యశ్రీ ఉన్నా ఈ అప్పు ఎందుకు తప్పట్లేదు? దీనికి జవాబు కావాలంటే ఆరోగ్య బీమా మన దాకా ఎట్లా వచ్చిందో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి. నేను పదో తరగతి చదివినదాన్ని. డాక్టర్ల సంగతి డాక్టర్లకే వదిలేసి, సంఘం మనిషిగా నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఏ బీమా లేని రోజులు

మా అమ్మల కాలంలో మధిర చుట్టుపక్కల ఊళ్ళల్లో జబ్బు చేస్తే మూడు మెట్లు ఉండేవి. మొదటిది ఊళ్ళో ఆర్‌ఎంపీ. ఒక సూది, నాలుగు మాత్రలు, మరీ నీరసంగా ఉంటే ఒక సెలైన్. రెండోది మధిర. మూడోది రైలెక్కి ఇటు ఖమ్మం, కాకపోతే అటు విజయవాడ. మనకు కాజీపేట–విజయవాడ రైలు మార్గం ఉంది కాబట్టి ఆ మాత్రమైనా పోగలిగేవాళ్ళం. అటు భద్రాచలం ఏజెన్సీ ఊళ్ళకు అది కూడా లేదు. అడవి లోపలి గూడేల నుంచి మనిషిని మంచం మీద పడుకోబెట్టి రోడ్డు దాకా మోసుకొచ్చేవాళ్ళు.

గుండె జబ్బు, క్యాన్సర్, తలకు దెబ్బ, కిడ్నీ జబ్బు అంటే ఇక ఇల్లు మునిగినట్టే. పుస్తెలతాడు కుదవపెట్టాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలి. పాడిగేదెను అమ్మాలి. అప్పటికీ చాలకపోతే అరెకరం పొలం పోయేది. పెద్ద ఆపరేషన్‌కు సర్కారు సాయం కావాలంటే ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి ఎమ్మెల్యే లెటర్, ఆసుపత్రి అంచనా కాగితం, హైదరాబాదు తిరుగుడు. తెలిసినవాళ్ళు ఉన్నవాళ్ళకు వచ్చేది, లేనివాళ్ళకు లేదు.

ఇందులో ఆడవాళ్ళ జబ్బు ఎప్పుడూ చివరి వరసే. "మిర్చి కోతలు అయిపోనీ", "పిల్ల పెళ్ళి కానీ" అని మనమే వాయిదా వేసుకునేవాళ్ళం. ఈ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

బీమా ముందు ఎవరికి వచ్చింది

బీమా అంటే కొంతవరకు మన సంఘం లాంటిదే. అందరూ తలా కొంత వేస్తారు, ఆపద వచ్చినవాళ్ళకు అందులోంచి ఇస్తారు. తేడా ఒక్కటే. పొదుపు మన పేరు మీద ఉంటది, తిరిగి వస్తది. ప్రీమియం మాత్రం జబ్బు రాకపోతే తిరిగి రాదు.

1883లో జర్మనీ దేశం కార్మికులకు జబ్బు బీమా చట్టం చేసింది. ఇంగ్లండ్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. 1948 జూలై 5 నుంచి పన్నుల డబ్బుతో అందరికీ వైద్యం మొదలుపెట్టారు. మన దేశంలో కూడా 1948లోనే ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. 1952లో కాన్పూరు, ఢిల్లీల్లో అమలు మొదలైంది. కార్మికుడి జీతంలోంచి కొంత, యజమాని కొంత కడితే కుటుంబానికి వైద్యం.

అయితే అది జీతం చీటీ ఉన్నవాళ్ళకు. మన పాత ఖమ్మం జిల్లాలోనే చూడండి. కొత్తగూడెంలో సింగరేణి కార్మికుడికి, ఆయన ఇంటివాళ్ళకు కంపెనీ ఆసుపత్రి ఉంది. అదే జిల్లాలో పత్తి ఏరే ఆమెకు, వరి నాటు వేసే ఆమెకు, తునికాకు కోసే ఆమెకు యజమాని ఎవరు? రోజుకొక చేను, రోజుకొక ఆసామి. వాళ్ళ తరఫున వంతు కట్టేది ఎవరు? అందుకే వ్యవసాయ కూలీలు ఏ లెక్కలోకీ రాకుండా మిగిలిపోయారు.

1986లో ప్రభుత్వ బీమా కంపెనీలు మెడిక్లెయిమ్ పాలసీ తెచ్చాయి. అది కొనగలిగినవాళ్ళకు, ఎక్కువగా పట్నం వాళ్ళకు. 1999లో చట్టం మారి, ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలు కూడా బీమాలోకి వచ్చాయి.

పేదల కోసమని కేంద్రం 2003లో రోజుకు రూపాయి బీమా పెట్టింది. ఒక మనిషికి ఏడాదికి 365 రూపాయలు కడితే 30,000 దాకా ఆసుపత్రి ఖర్చు. డ్వాక్రా రోజుల్లో మనం కూడా రోజుకు రూపాయే కదా పొదుపు చేసింది. కానీ ఆ రూపాయి పొదుపు నిలబడింది, ఈ రూపాయి బీమాలో పేద కుటుంబాలు చాలా తక్కువ చేరాయి. ఏడాది డబ్బు ఒకేసారి కట్టాలి. జబ్బు వస్తే ముందు మన చేతి డబ్బు పెట్టి, తర్వాత బిల్లులు పంపి తీసుకోవాలి. చేతిలో డబ్బు లేకే కదా బీమా కావాల్సింది!

ఆడవాళ్ళు, రైతులు సొంతంగా చేసుకున్న ప్రయత్నాలు కూడా ఉన్నాయి. గుజరాత్‌లో ఇలా భట్ గారు 1972లో స్థాపించిన సేవ సంఘం 1992లో తన సభ్యులకు సొంత బీమా మొదలుపెట్టింది. కర్ణాటకలో 2003లో సహకార సంఘాల రైతులకు యశస్విని పథకం నడిచింది. మొదట్లో ఏడాదికి 60 రూపాయలు కడితే ఆపరేషన్ ఖర్చు చూసేవాళ్ళు. సంఘంగా కలిస్తే చిన్న డబ్బుతో కూడా పని అవుద్దని ఈ రెండూ చూపించాయి.

2007: ఆరోగ్యశ్రీ

2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 బండ్లు మొదలయ్యాయి. ఆసుపత్రి దాకా తీసుకుపోయే బండి వచ్చింది సరే, అక్కడ బిల్లు ఎవరు కడతారు? దానికి జవాబుగా 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ తెచ్చింది. ముందు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం, మూడు కరువు జిల్లాల్లో. 2008 జూలై నాటికి మన ఖమ్మంతో సహా రాష్ట్రమంతా వచ్చింది.

ఇందులో మూడు కొత్త సంగతులు ఉన్నాయి. ఒకటి, ప్రీమియం మనం కట్టక్కర్లేదు, ప్రభుత్వమే కట్టుద్ది. రెండు, తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, ఇంటిల్లిపాదికీ వర్తిస్తది. ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50,000. మూడు, ముందు కట్టి తర్వాత తీసుకోవడం లేదు. ఆసుపత్రి వాళ్ళు నేరుగా అడిగి తీసుకుంటారు. రూపాయి బీమా ఎక్కడ ఆగిపోయిందో ఆరోగ్యశ్రీ అక్కడి నుంచి దారి వేసింది.

మొదట్లో స్టార్ హెల్త్ అనే ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నడిపారు. తర్వాత జబ్బుల జాబితా పెంచి, కొత్తగా చేర్చినవాటిని ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చూసింది. వైద్యం చేసేది మాత్రం ప్రభుత్వ ఆసుపత్రులూ, జాబితాలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులూ. డబ్బు సర్కారుది, ఆపరేషన్ ఎక్కువగా ప్రైవేటుది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుద్ది.

మన సంఘాలకు ఈ చరిత్రలో వాటా ఉంది. పథకం మొదలైనప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చునే ఆరోగ్యమిత్రలను మహిళా సమాఖ్యల ద్వారానే ఎంపిక చేశారు. ఊళ్ళల్లో వైద్య శిబిరాలు పెడితే జనాన్ని తీసుకొచ్చింది సంఘం ఆడవాళ్ళే. "పైసా కట్టక్కర్లేదంట" అంటే నమ్మని ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకుపోయిన అక్కలు మన సమాఖ్యలోనూ ఉన్నారు. గుండెకు చిల్లు ఉన్న పిల్లలు ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి బడికి పోవడం మనం కళ్ళారా చూశాం. ఆ మేలును ఎవరూ కాదనలేరు.

రాష్ట్రం రెండైన తర్వాత

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ట్రస్టు రెండైంది, ఆసుపత్రుల జాబితా రెండైంది. ఆంధ్రలో దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత మళ్ళీ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్ళీ వైద్య సేవ. పేర్లు ఎన్ని మారినా సరిహద్దులో ఉన్న మనలాంటి వాళ్ళ ఇబ్బంది వేరు. మధిర నుంచి విజయవాడ పోవడం మనకు తాతల నాటి అలవాటు. ఇప్పుడు అది పక్క రాష్ట్రం. పోయే ముందు ఆ ఆసుపత్రి మన తెలంగాణ జాబితాలో ఉందా లేదా అని 104కు ఫోన్ చేసి కనుక్కోవాలి. భద్రాచలం అవతల ఇది ఇంకా కష్టం. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రలో కలిశాయి. వాళ్ళకు దగ్గర పట్నం మాత్రం తెలంగాణలో ఉన్న భద్రాచలమే.

2018 సెప్టెంబరు 23న కేంద్రం ఆయుష్మాన్ భారత్ మొదలుపెట్టింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. తెలంగాణ 2021లో అందులో చేరింది. 2023 డిసెంబరు 9న, ఆడవాళ్ళకు ఉచిత బస్సు మొదలైన రోజే, రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. మొదట్లో అన్నీ కలిపి 2 లక్షలు, ఇప్పుడు 10 లక్షలు. కాగితం మీద మన ధీమా ఐదింతలు పెరిగింది.

ఇంకా అందనివి

మరి అప్పు ఎందుకు తప్పట్లేదు? నాకు మూడు కారణాలు కనపడుతున్నాయి.

మొదటిది, ఈ బీమా ఆసుపత్రిలో మంచం ఎక్కినవాళ్ళ కోసం పుట్టింది. ఆపరేషన్‌కు లక్షలు వస్తాయి. కానీ మన ఇళ్ళల్లో డబ్బు కారిపోయేది చుక్కచుక్కగా. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు, మోకాళ్ళ నొప్పుల సూదులు, విషజ్వరాలకు రక్త పరీక్షలు, ఆటో ఖర్చు, పోయిన కూలి. వీటికి ఆరోగ్యశ్రీలో చోటు లేదు. దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ఖర్చులో జనం సొంత జేబులోంచి పెట్టేది 2013–14లో నూటికి 64 రూపాయలు ఉండేది, 2021–22 నాటికి 39కి తగ్గిందని కేంద్ర ప్రభుత్వ లెక్క. తగ్గింది నిజమే. కానీ ఆ 39 కూడా కూలి ఇంటికి బరువే.

రెండోది, పేరు. కుటుంబానికి బీమా అంటే రేషన్ కార్డులో పేరున్నవాళ్ళకే. 2025కు ముందు కొత్త కార్డులు సరిగా ఇవ్వకుండానే ఎన్నో ఏళ్ళు గడిచాయి. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు అత్తగారింటి కార్డులో ఎక్కలేదు, పుట్టింట్లో తీసేశారు. ఆమె ఏ ఇంటి మనిషి? జబ్బు వచ్చిన రోజు ఈ ప్రశ్న వేసుకుంటే లాభం లేదు.

మూడోది, బాకీలు. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలు ఉన్నాయి. 2019 ఆగస్టులో తెలంగాణలో అట్లా జరిగింది. వాళ్ళకూ వాళ్ళకూ మధ్య లెక్క తేలేదాకా ఇబ్బంది పడేది రోగే. సర్కారు ఆసుపత్రి బలంగా ఉంటే ఈ భయం ఉండదు. 2023లో ఖమ్మంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. కార్డు ఎంత ముఖ్యమో, ఆ ఆసుపత్రిలో డాక్టరు, మందు, మంచం ఉండటం కూడా అంతే ముఖ్యం.

గర్భసంచి సంగతి

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆడవాళ్ళ నివేదికలో రాయకపోతే ఇంకెక్కడ రాస్తాం?

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేశారని తేలింది. ఆంధ్రలో నూటికి దాదాపు తొమ్మిది మందికి, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

ఇదంతా ఆరోగ్యశ్రీ వల్లే అనడం న్యాయం కాదు. అప్పు తెచ్చి, చేతి డబ్బుతో చేయించుకున్నవాళ్ళు చాలామంది. కానీ మాత్రకు డబ్బు రాకుండా ఆపరేషన్‌కు వస్తే, డాక్టరు మాట కూడా, మన మనసు కూడా ఆపరేషన్ వైపే పోద్ది. ఉమ్మడి రాష్ట్రంలోనే దీని మీద గొడవ అయి, ప్రభుత్వం గర్భసంచి ఆపరేషన్‌తో పాటు మరికొన్నిటిని ఆరోగ్యశ్రీ కింద సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేసింది. మనదొక్కటే కాదు. గుజరాత్ సేవ సంఘం బీమాలో కూడా ఎక్కువగా క్లెయిములు వచ్చిన కారణాల్లో గర్భసంచి ఆపరేషన్ ఒకటి. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో బీమా డబ్బు కోసం అవసరం లేని ఆపరేషన్లు చేశారని డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టుకు పోయారు. 2023 ఏప్రిల్ 5న కోర్టు, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని చెప్పింది.

మా వైపు ఒక సభ్యురాలికి తెల్లబట్ట అవుతుంటే ఒక క్లినిక్‌లో "తీసేయకపోతే క్యాన్సర్ అవుద్ది" అన్నారంట. ముప్పై రెండేళ్ళ మనిషి. అప్పు కావాలని సంఘంలో అడిగింది. సంఘం వాళ్ళు ముందు ఖమ్మంలో సర్కారు లేడీ డాక్టరుకు చూపించమన్నారు. పరీక్షలు చేసి, ఇన్‌ఫెక్షన్ అని మాత్రలు ఇచ్చారు. తగ్గింది. అందరికీ ఇట్లాగే అవుద్దని కాదు. గడ్డలు పెద్దవైనా, రక్తస్రావం ఏ మందుకూ ఆగకపోయినా, క్యాన్సర్ ఉన్నట్టు పరీక్షలో తేలినా ఆపరేషన్ అవసరమే, అప్పుడు భయపడి ఆలస్యం చేయకూడదు. కానీ తెల్లబట్ట అయినంత మాత్రాన క్యాన్సర్ కాదు. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగిపోయే దశ ముందే వస్తది. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు భయం పెరుగుద్ది. బస్తాలు మోసి, వంగి నాట్లు వేసి బతికే మనకు ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

ప్రైవేటు పాలసీ కొనేవాళ్ళకు

ఈ మధ్య ఏజెంట్లు ఊళ్ళకు వస్తున్నారు. పిల్లలు సంపాదించే ఇళ్ళల్లో పాలసీలు కొంటున్నారు. తప్పు కాదు. కానీ మూడు సంగతులు చూసుకోవాలి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు, 436 రూపాయలు కోసే పథకాలు ఆరోగ్య బీమా కాదు. మొదటిది ప్రమాదానికి, రెండోది మరణానికి. జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరితే వాటిలోంచి రూపాయి రాదు. రెండు, అప్పటికే ఉన్న షుగర్, బీపీ దాచి పాలసీ తీసుకుంటే అవసరమైన రోజున క్లెయిమ్ కొట్టేస్తారు. ఉన్నది ఉన్నట్టు రాయించాలి. అట్లాంటి పాత జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ళు ఆగాలన్నది 2024 నుంచి ఉన్న నియమం. మూడు, ఒక ఏడాది కట్టడం మానేస్తే పాలసీ పోద్ది.

సంఘాలుగా మనం చేయగలిగినవి

ఈ ఏడాది ప్రతి సంఘం నెల మీటింగులో ఆరోగ్యం ఒక అంశంగా పెట్టాలని నా కోరిక. సభ్యులందరి రేషన్ కార్డులు ఒకసారి తెప్పించి, ఇంట్లో ఎవరి పేరు లేదో రాసుకుని, ఆ దరఖాస్తులు వీఓ తరఫున వెంటపడి చేయించాలి. కోడళ్ళ పేర్లు ముందు.

షుగర్, బీపీ మాత్రలు పీహెచ్‌సీలో, పల్లె దవాఖానాలో ఉచితంగా ఇవ్వాలి. లేవంటే ఒక్కరే తిరిగి రాకుండా, వీఓ తీర్మానం రాసి మెడికల్ ఆఫీసరుకు ఇవ్వాలి. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మంగళవారం ఆడవాళ్ళకు పరీక్షలు చేస్తారు. మన దగ్గర ఏ కేంద్రంలో చేస్తున్నారో కనుక్కుని, పదిమంది కలిసి పోతే సిగ్గు కూడా ఉండదు.

గర్భసంచి ఆపరేషన్‌కు ఎవరైనా అప్పు అడిగితే, సర్కారు ఆసుపత్రిలో రెండో డాక్టరుకు చూపించారా అని సంఘం అడగాలి. అప్పు ఆపడానికి కాదు, ఆమెకు తోడు నిలబడడానికి. తోడు ఒక సభ్యురాలు పోతే ఇంకా మంచిది.

ఆరోగ్యశ్రీ కింద చేరినవాళ్ళను జాబితాలో ఉన్న ఆసుపత్రి ఆ వైద్యానికి డబ్బు అడగకూడదు. అడిగితే అక్కడి ఆరోగ్యమిత్రకు చెప్పాలి, 104కు ఫోన్ చేయాలి. ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు, బస్సు ఛార్జీ కూడా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు జనాన్ని ఆసుపత్రి గడప ఎక్కించింది మన సంఘాలే. ఇప్పుడు గడప దాటి లోపలికి పోయి, ఏ వైద్యం, ఎందుకు, ఇంకో దారి ఉందా అని అడగడం మిగిలి ఉంది. వచ్చే ఏడాది నివేదికలో, మన అప్పుల లెక్కలో "ఆరోగ్యం" అని రాసిన పేజీలు ఎన్ని తగ్గాయో కూడా ఒక లెక్కగా రాద్దాం.